ఇద్దరు నర్సవ్వలు

“పదకొండు కాకముందే గా గ్రూపు తీసెయ్ మనీషా. ఒక్కసారి నా మాట విను.”

పొద్దుటి నుంచి భూమేశ్ ఈ మాట అనడం ఇది నాలుగోసారి. మొదటిసారి బతిమాలాడు. రెండోసారి కసిరాడు. మూడోసారి తల్లి వినేలా అన్నాడు, ఆమె తన వైపు ఒక ముక్క మాట్లాడకపోతుందా అన్న ఆశతో. ఇప్పుడు ఏకంగా భార్య ఫోను తెచ్చి ఆమె ఉప్మా పళ్లెం పక్కన పెట్టి మరీ అన్నాడు.

మనీషా ఉప్మాలో పల్లీలు ఏరుకుని తింటోంది. ఫోను వైపు కన్నెత్తి చూడలేదు.

“తియ్య.”

“ఎందుకు తియ్యవు?”

“అండ్ల ఒక మనిషి పానం ఉంది.”

“నా నౌకరి గూడ ఉంది అండ్ల! నీది గూడ!”

“నౌకరి పోతే ఇంకోటి దొరుకుతది. నర్సవ్వకు ఇంకో జత కిడ్నీలు ఏడికెల్లి తేవాలె?”

వరండాలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీల కోసం తునికాకు కత్తిరిస్తున్న ఎల్లవ్వ కత్తెర ఆపింది. నవ్వు వచ్చింది గానీ కొడుకు ముఖం చూసి దాన్ని దగ్గుగా మార్చుకుంది.

నిన్న సాయంత్రం ల్యాబ్ కంపెనీ నుంచి వచ్చిన మెయిల్‌లో నాలుగే వాక్యాలు. రోగుల వివరాలు ‘నమూనా’ యాప్‌లో తప్ప ఇంకెక్కడా ఉండకూడదు. రక్తం సేకరించే సిబ్బంది సొంతంగా నడుపుతున్న ‘పిలుపులు’ అనే వాట్సాప్ గ్రూపును రేపు పదకొండు లోపు తొలగించాలి. గ్రూపు నడిపే మనీషా, కోరుట్ల సెంటర్, సిరిసిల్ల బ్రాంచిలో విచారణకు రావాలి. గ్రూపులో ఉన్నవారి జాబితా జతచేయడమైనది.

జాబితా కింద సంతకం: బి. భూమేశ్, యాప్ ట్రైనర్.

మొగుడు రాసిన జాబితాలో మొట్టమొదటి పేరు పెళ్లాంది.

“నీ పేరు నేను కావాలని పెట్టలే,” అన్నాడు భూమేశ్. “అడ్మిన్ ఎవరో కనుక్కొని పేరు అందరికన్న పైన పెట్టుమన్నరు.”

“కనుక్కోనీకి మస్తు కష్టపడ్డవా? ఒక్క ఇంట్లనే ఉంటిమి గద, అడిగితే చెప్పకపోదునా?”

“ఎటకారం వద్దు.”

“మరి ఏం గావాలె? దండ తెచ్చి ఎయ్యాల్నా?”

ఎల్లవ్వ చాట పక్కన పెట్టింది. “ఇగో, మీ ఇద్దరి లొల్లి మూడు దినాల సంది వింటున్న. గా నర్సవ్వల కత నాకు ఒక్కలు సక్కగ చెప్తలేరు. ముందు గది చెప్పి, మల్ల కొట్లాడుకోండ్రి.”

మనీషా చెయ్యి కడుక్కుని అత్త ముందు పీట వేసుకుని కూర్చుంది.

“అత్తమ్మా, మల్లాపూర్‌ల ఒక నర్సవ్వ ఉంది. పక్కూర్ల ఇంకో నర్సవ్వ. ఇద్దరికీ అరవై ఏండ్లు. ఒక్క దినమే ఇద్దరి రక్తం తీసిన. యాప్‌ల ఎక్కియ్యాలంటే ఫోన్ నంబర్ గావాలె. దానికి ఓటీపీ అస్తది. గది కొడితేనే ట్యూబుకు అంటించే చీటీ బయటికస్తది. మల్లాపూర్ నర్సవ్వకు ఎరుకున్నది ఒక్కటే నంబర్, ఆధార్ వెనక కొడుకు రాసిచ్చిపోయింది. గా సిమ్ము కొడుకు జేబులున్నది. కొడుకు మస్కట్ల ఉన్నడు.”

“అంటే ఆమె రక్తానికి ఓటీపీ మస్కట్ పోతదా?”

“పోతది. ఆయన డ్యూటీల ఉంటడు, ఫోన్ లాకర్ల ఉంటది. పరిగడుపున కూసున్న ముసల్ది చాయ గూడ తాగకుంట ఎంతసేపు ఉంటది? నాకు ఎనిమిదింటి లోపల ఇంకా ఇరవై ఇండ్లు తిరిగేది ఉంటది. అందుకని నా నంబర్ కొట్టిన. ఓటీపీ నాకే అచ్చింది. నేనొక్కదాన్నే గాదు, అందరం గదే చేస్తున్నం.”

“మంచిగనే చేసినవ్.”

“మంచిగ చెయ్యలే అమ్మా!” భూమేశ్ మధ్యలో దూకాడు. “గాడనే మొదలైంది లొల్లి!”

“ఆయనన్నది నిజమే,” అంది మనీషా ప్రశాంతంగా. “గాడనే మొదలైంది. ఇంకోటి, ఇంటిపేరు. అది లేకుంటే యాప్ ముందుకు జరగది. ఇంగ్లీషుల రాస్తే ఒక్కొక్కరం ఒక్కో తీరు రాస్తం, మల్ల ఎతికితే దొరకది. అందుకని ఇంటిపేరు ఉన్న జాగల ఒక చుక్క పెడుతం.”

ఎల్లవ్వ కళ్లు పెద్దవి చేసింది. “అంటే మల్లాపూర్ మండలం మొత్తానికి ఇంటిపేరు చుక్కనా?”

“గంతే.”

“మంచిగున్నది. అందరు చుక్కోల్లే. ఇగ సంబంధాలెట్ల చూసుకుంటరో!”

ఈసారి మనీషా కూడా నవ్వింది. భూమేశ్ నవ్వలేదు.

“గదే ముంచింది అత్తమ్మా. ఒకటే పేరు, ఒకటే నంబర్, ఒకటే చుక్క. యాప్ ఇద్దర్ని కలిపి ఒక్క మనిషిని చేసింది. మల్లాపూర్ నర్సవ్వకు కిడ్నీలు ఖరాబైనయ్. గా రిపోర్ట్ పక్కూరి నర్సవ్వ చేతికి పోయింది. ఆమె నాలుగు దినాల సంది బువ్వ ముడ్తలేదు, సస్తున్ననని ఏడుస్తుంది. ఖరాబైన ఆమెనేమో ‘అంతా మంచిగుంది’ అన్న కాయిదం పట్టుకొని, మోకాళ్ల నొప్పులకు దినాం సూది ఏయించుకుంటుంది. గా సూది కిడ్నీలకు విషం.”

“ఆమె దగ్గరికే పోయి చెప్పరాదు?”

“మా సెంటర్ల పనిచేసే సిద్రా, తన ఇండ్లన్ని అయినంక పది దాటి కోరుట్లకెల్లి బండి మీద పోతనన్నది. గని చేతిల నార్మల్ అని అచ్చు కాయిదం ఉండంగ, ఉత్త నోటి మాట ఎట్ల నమ్ముతది? డాక్టర్ ఎట్ల నమ్ముతడు? కంపెనీ రిపోర్ట్ మార్చియ్యాలె. మార్చమంటే, యాప్‌ల ఉన్నదే రికార్డ్ అంటుండ్రు. మల్ల రక్తం తీద్దమంటే, నెల దినాల దాక గదే పరీక్ష మల్ల తియ్యనియ్యది యాప్.”

“మరి గ్రూపుల ఏముంది?”

మనీషా ఫోను తీసి చూపింది. రెండు ఫోటోలు. రెండు ట్యూబులు, వాటి మీద అంకెల చీటీలు, ఒక్కోదాని పక్కన నోటుబుక్కు ముక్క మీద మనీషా చేతిరాత. ‘నర్సవ్వ, మస్కట్ రాజమౌళి తల్లి.’ ‘నర్సవ్వ, బహ్రెయిన్ జలపతి తల్లి.’

చదువు రాని ఎల్లవ్వకు మనీషా చదివి వినిపించింది. ఎల్లవ్వ తలాడించింది. “ఊర్ల ఎవల్ని అడిగినా గట్లనే గద చెప్తరు.”

“గందుకే గ్రూపు పేరు పిలుపులు. ఏ రక్తం ఎవరిదో చెప్పేటి సాక్ష్యం లోకంల ఇదొక్కటే. ఇది తీసేస్తే గా ముసల్దాన్ని మనమే చంపినట్టు.”

“నంబర్ నీది కొట్టుడే తప్పు!” అన్నాడు భూమేశ్. “ట్రైనింగ్ల నేను చెప్పలేదా?”

“చెప్పినవ్. ఏసీ రూంల కూసొని చెప్పినవ్. ఒక్కదినం నా ఎన్క మల్లాపూర్ రా అన్న. అచ్చినవా?”

భూమేశ్ బండి తాళం చెవి చేతిలోకి తీసుకున్నాడు.

“తప్పు నాదే. ఆడ గూడ గదే చెప్త. గని నా తప్పు దాచిపెట్టి ఇంకొకల పానం తియ్య.”

ఎల్లవ్వ మళ్లీ కత్తెర అందుకుంది. “మా బీడీల కాడ గూడ కార్డు ఒకల పేరు మీద, చేసుడు ఇంకొకలు. సేటుకు ఎరుకే. ఎరుక లేనట్టు ఉంటడు. పని నడ్వాలె గద కొడుకా! బండి తియ్, ఆలస్యమైతుంది.”

జగిత్యాల దాటి మల్యాల వచ్చేదాకా బండి మీద ఒక్క మాట లేదు. అక్కడ రోడ్డును సగం దాకా ఆక్రమించి మక్కజొన్నలు ఆరబోశారు. వేగం తగ్గించక తప్పలేదు. వేగం తగ్గితే మాట్లాడక తప్పలేదు.

“ఆడ అందరి ముందు నన్ను సార్ అను,” అన్నాడు భూమేశ్, తల తిప్పకుండా.

“అంట. ఇంట్ల గూడ అనాల్నా?”

“ఎప్పుడూ గిదే. నాకు ఎంత పరేషాన్ ఉంటదో నీకెరుకనా? మూడు బ్రాంచీలు. పొద్దున లేస్తే శాతాలు. ఎవరు తక్కువుంటే ఆళ్ల మీద ఎర్ర గుర్తు. ఆ ఎర్ర గుర్తుకు జవాబు నేను చెప్పాలె.”

“మరి నాతోని ఎన్నడన్న చెప్పినవా?”

“నువ్వడిగినవా?”

అడగలేదన్నది నిజం. ఒకే కంపెనీలో పనిచేస్తూ, ఒకే కంచంలో తింటూ, ఆ యాప్ పేరెత్తితే గొడవవుతుందని ఇద్దరూ మూడు నెలలుగా దాన్ని గడప బయటే వదిలి లోపలికొస్తున్నారు.

సిరిసిల్ల చేరేసరికి పదకొండుకు ఇంకా పది నిమిషాలుంది.

బ్రాంచి పై అంతస్తులో ఉంది. వెనక సందులో మరమగ్గాల సాంచాలు నడుస్తున్నాయి. గోడలోంచి ఆ చప్పుడు గుండె కొట్టుకున్నట్టు ఆగకుండా వస్తోంది. మూడు జిల్లాలకు మేనేజరైన రాజేందర్ చల్లటి నీళ్లు తెప్పించి, కుర్చీ చూపించి, చాలా మర్యాదగా మొదలుపెట్టాడు. మర్యాద ఎక్కువైనచోట ఉద్యోగం తీసేసే కాగితం ఎక్కడో సిద్ధంగా ఉంటుందని మనీషాకు తెలుసు. ఉంది కూడా. ఆయన మోచేతి కింద.

“మనీషా గారూ, మీ మీద నాకేం కోపం లేదు. మీ కోరుట్ల సెంటర్ నంబర్ వన్. వంద రిజిస్ట్రేషన్లకు తొంభైతొమ్మిది ఓటీపీ సక్సెస్. పై వాళ్లు మెచ్చుకున్నరు.”

“గా తొంభైతొమ్మిది ఎవరి నంబర్లో చూసిండ్రా సార్?”

“నిన్ననే చూసిన.” రాజేందర్ కంప్యూటర్ ఆమె వైపు తిప్పాడు. “ఒక్క మీ నంబర్ మీదనే నాలుగు వందల పన్నెండు మంది ఉన్నరు. ఇంతమంది మీ ఇంట్ల ఉంటరా?”

“ఉంటరు సార్. అందరి ఇంటిపేరు గూడ ఒక్కటే, చూడుండ్రి.”

భూమేశ్ గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గాడు. రాజేందర్ ముఖంలోని మర్యాద ఒక మెట్టు దిగింది.

“నవ్వులాట కాదమ్మా. ఇబ్బందులుంటే చెప్పుకునే తొవ్వ ఉంది. యాప్‌లోనే ఫిర్యాదుల డబ్బా ఉంది. దాంట్ల రాయకుండ, రోగుల పేర్లు వాట్సాప్‌ల పెడితే రేపు ఎవరికి జవాబు చెప్పాలె?”

“ఆ మాట ఒప్పుకుంట సార్. ఒకల రోగం సంగతి యాభై మంది ఫోన్లల్ల ఉండుడు మంచిది గాదు. నా నంబర్ కొట్టుడు గూడ తప్పే. గని ఫిర్యాదు రాయలేదంటే మాత్రం ఒప్పుకోను. ముప్పై ఒక్కసారి రాసిన.”

“కోరుట్ల నుంచి పెండింగ్ ఫిర్యాదు ఒక్కటి గూడ లేదు.”

“పెండింగ్ వద్దు. మూసినయ్ చూపియ్యుండ్రి.”

రాజేందర్ ఏదో నొక్కాడు. తెర నిండింది. పై నుంచి కిందికి ముప్పై ఒక్క వరుసలు. ఓటీపీ మస్కట్ పోతున్నది. ఓటీపీ దుబాయ్ పోతున్నది. ఇంటిపేరు అడగకుంట చేయండి. ఒకే పేరు ఇద్దరుంటే కలిసిపోతున్నరు, ప్రమాదం. ఈ చివరిది రాసి రెండు నెలలైంది.

ప్రతి వరుస పక్కన ఆకుపచ్చ గుర్తు. పరిష్కరించబడినది. కారణం: సిబ్బందికి శిక్షణ లోపం. మూసినవారు: బి. భూమేశ్.

ట్యూబు మీద చీటీని చదివినట్టు మనీషా ఆ పేరును ఒకటికి రెండుసార్లు చదివింది. ముప్పై ఒక్కచోట్లా అదే పేరు.

తర్వాత మొగుడి వైపు తిరిగింది.

“సార్. గీ ముప్పై ఒక్కటి మీరు చదివిండ్రా?”

ఆ ‘సార్’, ఆ ‘మీరు’ చెంప మీద కొట్టినట్టు తగిలాయి భూమేశ్‌కు.

“రెండు దినాల్ల మూయకపోతే ఎర్ర గుర్తు పడతది,” అన్నాడు, నేల చూస్తూ. “ముందు మూసి, మల్ల నిమ్మలంగ చూద్దామనుకున్న.”

“చూసినవా?”

గోడవతల సాంచాలు కొట్టుకుంటూనే ఉన్నాయి.

భూమేశ్ కంటే ముందు రాజేందర్ తేరుకున్నాడు. ఇరవై ఏళ్ల నౌకరి ఆయనకు నేర్పింది అదే. మోచేతి కింది కాగితం తీసి సొరుగులో వేశాడు. ఒక తెల్ల కాగితం, పెన్ను మనీషా ముందుకు జరిపాడు. మర్యాద తిరిగి వచ్చింది.

“ఇంకేముంది మనీషా గారూ, లోపం సిస్టంది కాదని తేలిపోయింది. మీరు చెప్పిండ్రు, ట్రైనర్ పైకి రానియ్యలేదు. గదే రాసియ్యండి. మీ నౌకరికి నేను జిమ్మేదారి. నర్సవ్వ రిపోర్ట్ గంటల మార్పిస్త. గ్రూపు మాత్రం తీసెయ్యండి, ఇగ దాంతోని పనేముంది?”

భూమేశ్ తల ఎత్తాడు. తనే అన్నాడు:

“రాయ్ మనీషా. అబద్ధం కాదు గద.”

మనీషా పెన్ను తీసుకుంది. నర్సవ్వకు కిడ్నీ రిపోర్టు దక్కుతుంది. తన ఉద్యోగం దక్కుతుంది. మూడో మనిషి మునిగిపోతాడు. లెక్క ఎంత సులువుగా ఉందో అంత అనుమానంగానూ ఉంది. రేపు ఇంకో ఊళ్లో ఇంకో ఇద్దరు కలిసిపోతే, ఆ ఫిర్యాదు మూసేది ఇంకో భూమేశ్. అంతే గదా మారేది?

“రాస్త సార్. గని సగం రాయ, మొత్తం రాస్త,” అంది. “యాప్ ఇంటిపేరు అడిగింది, నేను చుక్క పెట్టిన. యాప్ రెండు దినాలన్నది, ఈయన మూసిండు. యాప్ శాతాలడిగింది, మీరు తొంభైతొమ్మిదని పైకి పంపిండ్రు. ముగ్గురం ఒక్కటే పని చేసినం. దానికి ఏం గావాల్నో అది ఏసినం, మన పని మనం వేరే తొవ్వల చేసుకున్నం.”

“నన్నెందుకు కలుపుతవ్ దీంట్ల?” అన్నాడు రాజేందర్.

జవాబిచ్చేలోపు ఫోను మోగింది. సిద్రా.

“అక్కా, నేను మల్లాపూర్‌ల ఉన్న. ఇంటికి తాళం ఉంది!” సిద్రా రొప్పుతోంది. “పొద్దుగాల నర్సవ్వ ముఖం, కాళ్లు అంతా ఉబ్బినయట. ఊపిరి ఆడ్తలేదని ఆటోల ఏసుకపోయిండ్రట.”

“ఏ దవాఖానకు?”

“గదే ఎవ్వరికి ఎరుక లేదక్కా. పక్కింటామె జగిత్యాల అంటుంది, ఎదురింటాయన కోరుట్ల అంటుండు. పోయేటప్పుడు మన రిపోర్ట్ సంచిల పెట్టుకున్నదట. డాక్టర్‌కు చూపిస్తదట, అంతా మంచిగుందని. యా అల్లా, గా కాయిదం నమ్మితే ఎట్లక్కా?”

మనీషా ఫోను పెట్టేసి గ్రూపు తెరిచింది.

“పదకొండు దాటింది,” అన్నాడు రాజేందర్.

“ఎరుకే సార్.” ఆమె వేలు మైకు గుర్తు మీద గట్టిగా నిలిచింది. “అందరు వినుండ్రి. మల్లాపూర్ నర్సవ్వ, అరవై ఏండ్లు, ఒళ్లంత ఉబ్బింది, ఆటోల దవాఖానకు పోయింది. చేతిల ఉన్న మన రిపోర్ట్ తప్పు. జగిత్యాల, కోరుట్ల, ఎవరి పక్కన ఏ దవాఖాన ఉంటే ఆడికి ఉరుకుండ్రి. డాక్టర్‌కు చెప్పుండ్రి, కిడ్నీలు చూడుమని.”

భూమేశ్ తన ఫోను తీశాడు.

“నన్ను గూడ కలుపు గ్రూపుల. ట్రైనింగ్ అప్పుడు తీసుకున్న దవాఖానల నంబర్లు అన్ని నా దగ్గర ఉన్నయ్.”

మనీషా అతని వైపు చూసింది. పెళ్లయిన ఆరేళ్లలో ఈ మనిషి తనను ఏదైనా అడిగి తీసుకోవడం ఇదే మొదటిసారేమో.

“కలుపుత. గని కాయిదం మీద నీ పేరు ఉంటది.”

“ఉండనియ్.”

మూడో నిమిషంలో రెండు జవాబులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. జగిత్యాల నుంచి నరేశ్: నర్సవ్వ అనే ఆమె ఈడ ఉంది, అరవై ఏండ్లు, సోయి లేదు. కోరుట్ల నుంచి మజర్: నర్సవ్వ ఈడ చేరింది అక్కా, అరవై, మాట్లాడ్తలేదు.

నాలుగు రోజులుగా అన్నం ముట్టని నర్సవ్వ కూడా ఈ పొద్దే పడిపోయిందన్నమాట.

“కొడుకు ఏ దేశంల ఉన్నడో అడుగుండ్రి!” అంది మనీషా మైకులో.

నరేశ్ నుంచి: చుట్టాలెవ్వరు లేరు, ఆటో ఆయన దింపిపోయిండు, సంచి గూడ ఆటోలనే పోయింది, లోపలికి పోయి చూడనిస్తలేరు. మజర్ నుంచి: మనవరాలు ఉంది, చిన్నపిల్ల, నాయిన గల్ఫ్‌ల ఉన్నడంటుంది. గల్ఫ్‌ల ఏడ అంటే చెప్పొస్తలేదు. నన్ను గూడ లోపలికి రానిస్తలేరు.

మనవరాళ్లు ఇద్దరు నర్సవ్వలకూ ఉన్నారు. ఇంతకాలం గురి తప్పని తన పిలుపులు మొదటిసారి నోరు మూసుకున్నాయి. మనీషా లేచి నిలబడింది.

“సార్, ఆ రెండు దవాఖానల రక్తం మన మిషన్ల మీదికే అస్తది. ఇద్దరిది ఇప్పుడే తీసి నడిపిస్తే అర్ధ గంటల తేలుతది. యాప్ తియ్యనియ్యది. చీటీ లేకుంట, యాప్ బయట తియ్యాలె. మీరు ఊ అంటేనే మిషన్ కాడోళ్లు ముట్టుకుంటరు.”

రాజేందర్ తలుపు వైపు చూశాడు. కంప్యూటర్ వైపు చూశాడు. తెర మీద ముప్పై ఒక్క ఆకుపచ్చ గుర్తులు అలాగే ఉన్నాయి. భూమేశ్ అప్పటికే ఫోనులో నంబరు నొక్కి, మాట కోసం ఎదురుచూస్తున్నాడు.

“తియ్యమను,” అన్నాడు రాజేందర్, గొంతు తగ్గించి. “నేను చెప్పినట్టు మాత్రం ఏడ రాయకు.”

మనీషా భూమేశ్‌కు చేత్తో సైగ చేసింది. అతను ఫోనులో అరుస్తూ మెట్ల వైపు పరిగెత్తాడు.

ఆమె మాత్రం నిలబడే కాగితం మీదికి వంగింది. తన పేరు రాసి, కింద భూమేశ్ పేరు రాసింది. దాని కింద రాజేందర్ పేరు, ఇంటిపేరుతో సహా రాయడం మొదలుపెట్టింది. ఆయన చెయ్యి గబుక్కున వచ్చి కాగితం అంచును పట్టుకుంది.